ఫోర్సిత్ ఊరి పశువుల డాక్టరు

నా ఉద్యోగ విరమణ సభలో నాకు రెండు శాలువాలు, ఒక గోడ గడియారం, ఒక అబద్ధం దక్కాయి. శాలువాలు చలికాలంలో కాలనీ కాపలాదారుకు ఇచ్చేశాను. గడియారం ఆగిపోయింది. అబద్ధం మాత్రం ఇంకా చెవిలో మోగుతూనే ఉంది. ఆ రోజు మైకు పట్టుకున్న ప్రతి ఒక్కరూ దాన్నే చెప్పారు: "నోరులేని జీవాలకు నోరై నిలిచిన మహానుభావుడు."

ముప్పై నాలుగేళ్లు పశువైద్యం చేశాను. మాడుగులలో మొదలుపెట్టి చోడవరం, పాడేరు, మళ్లీ కొండ దిగి ఆనందపురం. ఇన్నేళ్లలో ఏ గేదె తరఫునా నోరు విప్పిన గుర్తు లేదు. గేదెను తోలుకొచ్చిన మనిషి కోసం పనిచేశాను. గేదె బతకాలని ఆ మనిషి కోరుకున్నంత వరకు గేదెకు కూడా పనికొచ్చాను. ఆ ఇద్దరి మేలూ ఒకటి కాని రోజులు కొన్ని ఉంటాయి. వాటి గురించి సన్మాన సభల్లో ఎవరూ మాట్లాడరు. నేనూ మాట్లాడలేదు. దండం పెట్టి, మైసూరుపాకు పొట్లం పుచ్చుకుని విశాఖలో ఎంవీపీ కాలనీలోని ఇంటికి వచ్చేశాను.

అది 2018. అదే ఏడాది ఏప్రిల్ 12న అమెరికాలో, మోంటానా రాష్ట్రంలోని మిజౌలాలో, జాన్ మెల్చర్ అనే పెద్దాయన 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. నాతో చదివి అమెరికాలో స్థిరపడిన మిత్రుడొకడు ఆ వార్త ఫోనుకు పంపి కింద ఒక్క ముక్క రాశాడు: "చూశావా, మనవాడు సెనేటరు." మనవాడంటే తెలుగువాడని కాదు, పశువుల డాక్టరని. మా వృత్తిలో ఈ చుట్టరికం చాలా గట్టిది. అందరం ఒకే అవమానం పంచుకున్నవాళ్లం మరి. ఎంబీబీఎస్ సీటు రాక ఇటు వచ్చాడన్న అనుమానం పెళ్లిచూపుల నాటి నుంచి మమ్మల్ని వెంటాడుతుంది. (నా విషయంలో అది అనుమానం కాదు, నిజమే. పదకొండు మార్కులు తగ్గాయి.)

మెల్చర్ 1924లో అయోవా రాష్ట్రంలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌లో పదాతి సైనికుడిగా పోరాడి గాయపడ్డారు. తిరిగొచ్చి 1950లో అయోవా స్టేట్ కాలేజీలో పశువైద్య పట్టా పుచ్చుకుని, మోంటానాలో ఫోర్సిత్ అనే ఊళ్లో ఆసుపత్రి పెట్టుకున్నారు. ఎల్లోస్టోన్ నది ఒడ్డున సుమారు రెండు వేల జనాభా ఉన్న ఊరు. చుట్టూ గడ్డి నేలలు. ఆ రాష్ట్రంలో మనుషుల కన్నా పశువులే ఎక్కువ. 1953లో వార్డు సభ్యుడయ్యారు. 1955 నుంచి 1961 వరకు మేయరు. తరువాత రాష్ట్ర చట్టసభలు రెండింటిలోనూ కూర్చున్నారు. 1969లో ఉప ఎన్నిక గెలిచి వాషింగ్టన్‌లోని ప్రతినిధుల సభకు వెళ్లారు. పదహారేళ్లపాటు సెనేట్‌లో మెజారిటీ పక్ష నాయకుడిగా ఉన్న ఉద్దండుడు మైక్ మాన్స్‌ఫీల్డ్ 1976లో పోటీ నుంచి తప్పుకుంటే, ఆ స్థానంలో మెల్చర్ గెలిచారు. 1989 జనవరి దాకా సెనేటరు. అంతా కలిపితే జాతీయ చట్టసభల్లో ఇరవై ఏళ్లకు కొద్ది నెలలు తక్కువ. అన్నేళ్లూ జనం ఆయన్ని పిలిచింది మాత్రం "డాక్" అనే.

ఆయన పేరు ఈనాటికీ ఎవరైనా తలుచుకుంటే ఎక్కువగా ఒక టీవీ ప్రకటన వల్లే తలుచుకుంటారు. 1980 ఎన్నికల్లో నేషనల్ కన్సర్వేటివ్ పొలిటికల్ యాక్షన్ కమిటీ అనే సంస్థ ప్రచారానికి డబ్బు గుమ్మరించి, జార్జ్ మెక్‌గవర్న్, ఫ్రాంక్ చర్చ్ వంటి హేమాహేమీలను పడగొట్టిందన్న పేరు తెచ్చుకుంది. 1982లో దాని కన్ను మెల్చర్ మీద పడింది. ఈయన భావాలు మోంటానాకు సరిపడవని ఊదరగొట్టారు. మెల్చర్ మనుషులు దానికి జవాబుగా మేత మేస్తున్న ఆవులను చూపించారు. పట్నం నుంచి ఎవరో దిగి మన డాక్‌ను ఆడిపోసుకుంటున్నారట, అంటుంది ఒక ఆవు. ఆ వచ్చినవాళ్లలో ఒకడు తాము అమ్మజూపుతున్న సరుకులోనే కాలు వేశాడు, అంటుంది ఇంకొకటి. సరుకంటే పేడ అని వేరే చెప్పాలా! మెల్చర్ గెలిచారు. నా సన్మాన సభలో చెప్పిన మాట అక్కడ తిరగబడింది చూడండి: నోరులేని జీవాలే డాక్టరుకు నోరయ్యాయి.

మన ఎన్నికల్లోనూ పశువులకు కొదవలేదు. మా తాత జోడెద్దుల గుర్తుకు ఓటు వేశాడు, మా నాన్న ఆవుదూడ గుర్తుకు వేశాడు. ప్రచారానికి వచ్చిన అభ్యర్థి గేదె పొదుగు దగ్గర కూర్చుని ఫొటో దిగడం నేను కళ్లారా చూశాను. ఆ గేదె తన్నకుండా కొమ్ములు పట్టుకుని నిలబడింది నేనే. ఆ ఫొటోకూ మోంటానా ఆవులకూ తేడా ఏమిటి? ఫోర్సిత్ చుట్టుపక్కల రైతులకు ఆ ప్రకటన హాస్యంగా తోచే ముందు నమ్మదగినదిగా తోచింది. అర్ధరాత్రి దూడ అడ్డం తిరిగినప్పుడు భుజం దాకా చెయ్యి పెట్టి లాగిన మనిషి గురించి ఆవులు నాలుగు మంచి మాటలు చెబితే, కాదనగలవారెవరు?

అయితే నా వాదన ఇది కాదు. పశువుల డాక్టరు మంచివాడు కాబట్టి మంచి నాయకుడు అవుతాడని చెబితే, నేనూ ఆ శాలువాల సభ వక్తల్లో ఒకడినవుతాను. మా వృత్తిలో ఎంతటి పిరికివాళ్లుంటారో నాకు తెలుసు. ఎలాగంటే, ఇలా.

మాడుగులలో కొత్తగా చేరిన రోజులు. ఒక పెద్దాయన జెర్సీ సంకరం ఆవును తోలుకొచ్చాడు. బ్యాంకు అప్పుతో కొన్న ఆవు. మేత ముట్టడం లేదు. వెన్ను గూనిలా వంచి, ముందు కాళ్ల మోచేతులు బయటికి తిప్పి నిలబడుతోంది. గంగడోలు కింద నీరు దిగి వాచింది. పల్లంలోకి నడిపిస్తే మూలుగుతోంది. ఈ మూలుగు వింటే ఏ పశువైద్యుడికైనా గుండె జారుతుంది. గడ్డితో పాటు ఇనుప తీగ ముక్క మింగింది, అది పొట్టను చీల్చుకుని గుండె పొర దాకా వెళ్లింది. ఆ దశలో చెయ్యగలిగింది ఏమీ లేదు. ఉన్నమాట చెప్పాను. ఆయన కాసేపు ఆవు మెడ నిమిరి అడిగాడు:

"బాబూ, ఉంచమంటారా, అమ్ముకోమంటారా?"

ఆయన చేతిలో బ్యాంకు పాసుపుస్తకం ఉంది. ఎందుకు తెచ్చాడో తెలియదు, బహుశా నాకు చూపించడానికే. నేను రెండు సూదులు వేసి, "రెండు రోజులు మేత తింటుంది. ఈ లోపు సంతకు తోలుకెళ్లండి పెద్దాయనా" అన్నాను.

పది రోజుల తరువాత పక్క ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. ఒంటరి మనిషి. వెనకాల ఆవు. నుదుటి మీద అదే తెల్ల మచ్చ. "కొన్న రోజు బాగానే తిన్నదండి" అంది. నేను నాడి చూశాను, వాపు చూశాను, తెలియని ఆవును చూసినట్లే అన్నీ చూశాను. నాలుగో రోజున అది పోయింది. ఆ నెల మా రిజిస్టరులో ఒకే ఆవు రెండు పేర్ల కింద రెండు కేసులుగా ఉంది. లెక్క ప్రకారం నేను ఒక కేసు ఎక్కువ చూసినట్లు.

దీన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి కారణం మెల్చరే. నా ముందు నిలబడ్డ రైతు మీద జాలి పడ్డాను. ఆ జాలి నిజమే. ఇంకా గేటు దగ్గరికి రాని మనిషి మీద ఆ భారం దించాను. ప్రజాప్రతినిధులు అనుదినం చేసే పని ఇదే అని నా నమ్మకం. ఎదురుగా నిలబడి అడిగినవాడికి ఇస్తారు. బిల్లు మాత్రం రేపెప్పుడో వచ్చేవాడికి వెళుతుంది. పశువుల డాక్టరుకు ఒకే ఒక్క అదనపు శిక్షణ ఉంది: బిల్లు అందుకున్నవాడు కూడా అతని ఆసుపత్రికే వస్తాడు. ఆ మొహం చూశాక మనిషి మారవచ్చు, మారకపోవచ్చు. మెల్చర్ మారారని ఆయన చేసిన రెండు చట్టాల్లో కనిపిస్తుంది.

మొదటిది బొగ్గు చట్టం. ఫోర్సిత్ ఏ జిల్లాకు ముఖ్య పట్టణమో, ఆ రోజ్‌బడ్ జిల్లాలోనే కోల్‌స్ట్రిప్ ఉంది. పేరులోనే బొగ్గు ఉన్న ఊరు. నేల పైపొర ఒలిచి కింది బొగ్గు తోడే గనులు. 1970ల చమురు సంక్షోభంలో దేశానికి బొగ్గు కావాలి, కంపెనీలకు తొందర, పనులు కావలసినవాళ్లు గుమ్మం ముందే ఉన్నారు. ఉపరితల గనుల మీద నియంత్రణ తెచ్చే బిల్లును అధ్యక్షుడు ఫోర్డ్ రెండుసార్లు తిప్పికొట్టారు. చివరికి 1977 ఆగస్టు 3న తరువాతి అధ్యక్షుడు కార్టర్ సంతకం చేశారు. దిగువ సభలో ఉన్నప్పటి నుంచీ దాని కోసం కుస్తీ పట్టినవారిలో మెల్చర్ ముఖ్యుడు.

ఆ చట్టంలో నాకు నచ్చినవి పెద్ద పెద్ద ఆశయాలు కావు, చిల్లర నిబంధనలు. పైమట్టిని విడిగా తీసి దాచాలి, తవ్వకం అయ్యాక మళ్లీ పైనే పరచాలి. నేలను దాదాపు పాత వాలుకే తీసుకురావాలి. తవ్వకానికి ముందే పూచీ సొమ్ము కట్టాలి. పూడ్చి, గడ్డి విత్తనం చల్లి వెళ్లిపోతే కుదరదు. ఏడాదికి 26 అంగుళాలకు మించి వాన పడని చోట, ఆఖరిసారి విత్తనం వేసిన తరువాత పదేళ్లు ఆ నేల బాధ్యత కంపెనీదే. ఇంకొకటి కూడా: పైన నేల రైతుది, కింద బొగ్గు కేంద్ర ప్రభుత్వానిది అయిన చోట రైతు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే గడ్డపార దిగాలి.

పదేళ్లు! కుట్లు వేసి ఇంటికి పంపేసిన వైద్యుడు రాసే నిబంధన కాదిది. కుట్లు ఊడి మళ్లీ వచ్చిన పశువును చూసిన వాడు రాసేది.

బొగ్గు ఓడలు ఆగే రేవు ఊళ్లో కూర్చుని ఇది చదువుతుంటే పాడేరు రోజులు గుర్తొచ్చాయి. మాకూ ఒక పెద్ద మలుపు ఉంది. అనంతగిరి మండలంలో కాల్సైట్ అనే ఖనిజం లీజుల మీద, గిరిజనుల హక్కుల కోసం పనిచేసే సమత సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని. గొప్ప తీర్పు. అయినా నాకొక వెలితి తోస్తుంది. అది కోర్టు నుంచి రావలసి వచ్చింది. 1977లో మోంటానా రైతు కోసం చట్టసభలో కూర్చుని వాక్యం వాక్యం రాసిన మనిషి ఉన్నాడు. మా కొండల తరఫున ఆ పని న్యాయమూర్తులు చేశారు. తరువాత 2015లో జెర్రెల కొండల్లో బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వకం కోసం జీవో వచ్చి ఏజెన్సీ అంతా అట్టుడికి, అది రద్దు కావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. అప్పుడు కూడా గేటు దగ్గర అరిచినవారికే సమాధానం దొరికింది.

రెండో చట్టం కోతులది. 1985లో అమెరికా జంతు సంక్షేమ చట్టాన్ని సవరించారు. ప్రయోగశాలల్లో జంతువులను ఎలా ఉంచాలన్నది విషయం. బోనుకు ఎన్ని అడుగులు, ఎన్నిసార్లు కడగాలి, ఇటువంటి లెక్కలు ఎవరైనా రాస్తారు. మెల్చర్ పట్టుబట్టి ఒక మాట పెట్టించారు: కోతి జాతి జంతువులకు మానసిక క్షేమాన్ని పెంపొందించే పరిసరాలు ఉండాలని. పరిశోధకులు నొసలు చిట్లించారు. కోతి మనసును ఎలా కొలుస్తారు? దేని ప్రకారం తనిఖీ చేస్తారు? ఆ మాటకు తగిన నియమాలు రాసేసరికి 1991 వచ్చింది.

ఈ ప్రశ్న మా ఊళ్లలో ఎవరినైనా అడిగి ఉంటే బాగుండేది. దూడ చనిపోతే గేదె పాలు చేపదు. దూడ చర్మంలో గడ్డి కూరి ఎదురుగా నిలబెడితే దాన్ని నాకుతూ చేపుతుంది. ఆ పని చేసే రైతుకు గేదెకు మనసుందని వేరే రుజువు అక్కర్లేదు, ఆ మనసును మోసం చేసే పద్ధతి కూడా అతనికి తెలుసు. మనకు తెలిసిన విషయం చట్టంలోకి ఎక్కడమే కష్టం. ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసింది ఒకటుంది. కోతికి రైతు లేడు. దాని యజమాని ప్రయోగశాల. ఆ యజమానికీ కోతికీ మేలు ఒకటి కాదు. అంటే నేను మాడుగులలో తప్పించుకున్న చోటే మెల్చర్ నిలబడ్డారు. మోంటానా ఓటర్లకు ఆ కోతులతో సంబంధం లేదు. అవి వచ్చి టీవీలో ఆయన కోసం మాట్లాడేవీ కావు. ఒక్క ఓటు కూడా రాని వాక్యం అది. ఆ తరువాత మూడేళ్లకు ఆయన ఓడిపోయారు కూడా, అయితే కోతుల వల్ల మాత్రం కాదు.

ఓడించింది ఎవరో తెలుసా? కాన్రాడ్ బర్న్స్. ఆయన వృత్తి పశువుల వేలంపాట, ఆ పైన రేడియోలో వ్యవసాయ వార్తలు. ఈ విషయం చదివినప్పుడు కుర్చీలోంచి లేచి మా ఆవిడకు చెప్పాను. కుక్కర్ మూడో కూత మీద ఉంది, ఆవిడ పట్టించుకోలేదు.

నన్నడిగితే 1988 నాటి ఆ ఎన్నికలో రాజకీయమంతా ఉంది. ఇద్దరూ పశువుల పాకలో తిరిగినవాళ్లే. ఇద్దరికీ పశువు పళ్లు చూసి వయసు చెప్పడం వచ్చు. కాని వేలంపాట "మూడోసారి" అనగానే ముగిసిపోతుంది, డబ్బు చేతులు మారుతుంది, పశువు ఎటు పోయిందో పాటగాడికి అనవసరం. డాక్టరుకు కేసు ముగియదు. వేలంపాటగాడికి మాట వరదలా రావాలి, డాక్టరు ఎక్కువసేపు మాట్లాడకుండా వినాలి, తడమాలి. ఎన్నికల సభలో ఎవరు రాణిస్తారో చెప్పడానికి జాతకం చూడనక్కర్లేదు. పోలింగుకు కొద్ది రోజుల ముందు ఇంకో దెబ్బ తగిలింది. మోంటానాలో సుమారు 14 లక్షల ఎకరాల అడవిని కాపాడటానికి మెల్చర్ నడిపిన బిల్లు మీద అధ్యక్షుడు రీగన్ సంతకం పెట్టలేదు. బర్న్స్ దాన్ని చక్కగా వాడుకున్నారు. తేడా నాలుగు శాతానికి కాస్త అటూ ఇటూ. బర్న్స్‌ను తక్కువ చేయడానికి లేదు, జనం ఆయన్ని పద్దెనిమిదేళ్లు సెనేట్‌లో ఉంచారు. మెల్చర్ 1994లో మళ్లీ ప్రయత్నించి సొంత పార్టీ ప్రాథమిక పోటీలోనే ఆగిపోయారు.

మిత్రుడికి ఇదంతా రాస్తే, "మరి మన దగ్గర ఎందుకు లేరు?" అని అడిగాడు. అసలే లేరని కాదు. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ నుంచి 2014లో, 2019లో లోక్‌సభకు గెలిచిన సంజీవ్ బాల్యాన్ పశువైద్య శాస్త్రంలో పీహెచ్‌డీ చేసినవారే. పశుసంవర్ధక శాఖకు సహాయ మంత్రిగా కూడా ఉన్నారు, 2024లో ఓడిపోయారు. కాని తెలుగు నేల మీద ఎంబీబీఎస్ డాక్టర్లు రాజకీయాల్లో బారులు తీరతారు, ముఖ్యమంత్రి అయినవారూ ఉన్నారు. మావాళ్లు మాత్రం కనపడరు. కారణం తెలివితేటలు కాదు, జీతం. మనుషుల డాక్టరు సొంత క్లినిక్ పెట్టుకుంటాడు, రోగి చేతి నుంచి ఫీజు తీసుకుంటాడు, రోగులే తరువాత ఓటర్లవుతారు. మెల్చర్ కూడా అంతే, సొంత ఆసుపత్రి. ఇక్కడ పల్లె పశువైద్యుడంటే దాదాపుగా ప్రభుత్వోద్యోగే. 1964 నాటి ప్రవర్తన నియమావళి ప్రకారం రాజకీయాల్లో తల దూర్చకూడదు. రైతుకు నమ్మకం కుదిరే వయసులో మాకు బదిలీ వస్తుంది. చివరికి నాకు అరవై ఏళ్ల వాకిట్లో శాలువా కప్పి స్వేచ్ఛ ఇచ్చారు; 2022 నుంచి ఆ వాకిలి అరవై రెండుకు జరిగింది.

పోనీ ఆ స్వేచ్ఛతో ఎక్కడ మొదలుపెట్టాలి? ఫోర్సిత్‌లో వార్డు ఉంది. ముప్పై నిండని కొత్త డాక్టరు అక్కడ అడుగు పెట్టగలిగాడు, మురుగు కాలువల పంచాయతీల్లోనే పని నేర్చుకున్నాడు. మా విశాఖలో 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో తీరింది. తరువాతి ఎన్నికలు 2021 మార్చిలో, 98 వార్డులకు. 17 లక్షలకు పైగా జనం ఉన్న నగరం తొమ్మిదేళ్లు కార్పొరేటరు లేకుండా గడిపింది. రెండు వేల మంది ఊరికి ఉన్న మొదటి మెట్టు అన్నేళ్లూ మాకు లేదు. మొదటి మెట్టు తీసేసి పైఅంతస్తులో మంచివాళ్లు కనపడటం లేదని వాపోవడం మన అలవాటు. డబ్బుతోనో, తండ్రి పేరుతోనో నేరుగా డాబా మీదికి దిగేవారికి మెట్లతో పని లేదు కదా.

ఈ ముక్కలన్నీ మొన్న సాయంత్రం పార్కులో ఉత్సాహంగా చెబుతున్నాను. పక్క వీధి రావుగారు చాలాసేపు విని, "ఈసారి మన వార్డుకు మీరే నిలబడకూడదా డాక్టరుగారూ?" అన్నారు. నేను జవాబు వెతుక్కుంటున్నాను. ఆయన ఆగలేదు.

"సరే, అదలా ఉంచండి. మా కుక్కపిల్ల వారం రోజులుగా తల విదిలిస్తోంది. ఒకసారి చెవి చూస్తారా?"

కళ్లజోడు పెట్టుకుని చూశాను. చెవి లోపల మూడు గోమార్లు.